బిందెకు మెడ ఎందుకున్నది?

ముస్తాబాద్ ప్రాంతమున ఏ యింట చూచినను నీటి బిందె కనబడును. పొట్ట విశాలము, మెడ సన్నము, అంచు వెలుపలికి వంగి యుండును. ఈ రూపమును మొదట కల్పించిన వాని పేరు ఎవరికిని తెలియదు. అయినను ఇందులో వృథాగా ఉన్న వంపు ఒక్కటియు లేదు. మెడ సన్నగిల్లుట వలన నడచునపుడు నీరు అంతగా చిందదు; చంకన పెట్టుకొన్నపుడు చేయి ఆ మెడను చుట్టుకొనును. అంచు వ్రేళ్ళకు పట్టునిచ్చును. గుండ్రని అడుగు చుట్టబట్టపై కుదురుకొని నెత్తిన నిలుచును. ఇత్తడి పోయి స్టీలు, దాని ప్రక్కన ప్లాస్టిక్కు వచ్చినను రూపము మాత్రము పెద్దగా మారలేదు.

భారత ప్రభుత్వ ఆహ్వానముపై వచ్చి దేశమున పర్యటించిన అమెరికా రూపశిల్పి దంపతులు చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ 1958లో ఒక నివేదిక సమర్పించిరి. తాము చూచి మెచ్చిన వస్తువులలో అన్నిటికన్న గొప్పదానిగా వారు ఎంచినది మన చెంబు. అట్టి పాత్రను ఒక్కడు కూర్చుండి కొత్తగా కల్పింపవలెనన్నచో ఎన్ని ప్రశ్నలు వేసికొనవలెనో వారు వ్రాసిరి: ఎంత నీరు పట్టవలెను? మోయునది ఎవరి చేయి? తలపైననా, నడుముననా? నిండినపుడును, వంచినపుడును బరువు ఎటు తూగును? ఇన్నింటికి జవాబు ఒక్కని బుద్ధికి కాక తరతరముల అనుభవమునకు దొరకినదని వారి భావము. ఈ నివేదిక ప్రేరణతో 1961లో అహ్మదాబాదున జాతీయ రూపకల్పన సంస్థ ఏర్పడినది.

ఉపయోగముతోనే వస్తువునకు అర్థము ముగియదు. వంటింటి మూలనుండు కుండకే సున్నము, పసుపు, కుంకుమ పెట్టి, వేపరెమ్మలు కట్టినచో అది బోనమగును. దానికి త్రోవనిచ్చి ప్రక్కకు తొలగుదుము. మన పొరుగున సిద్దిపేట నేతగాండ్రు చీరపై నేయు గొల్లభామ కూడ నెత్తిన కుండ మోయునదియే. ఆ బొమ్మ లేకున్నను చీర కట్టుకొనవచ్చును. కాని దూరమునుండి చూచి ఇది సిద్దిపేట చీర యని చెప్పించునది ఆ బొమ్మయే.

పంచాయతీ కట్టించు వస్తువులును ఇట్లే మాటలాడును. ఒక గ్రామములో సంత బయలున క్రొత్త నల్లా గద్దెను చూచితిమి. దాత పేరు గల పాలరాతి ఫలకము చక్కగా అమరినది. నల్లా క్రింద మాత్రము బిందె నిలువలేదు! స్త్రీలు దానిని వంకరగా పట్టి ముప్పాతిక నింపుకొనుచుండిరి. పదునైదు లీటర్ల నీరనగా పదునైదు కిలోల బరువు. దానిని నేలనుండి ఎత్తుటకు నడుమెత్తు అరుగైనను లేదు. ఆ గద్దె ఫలకము చదువువారి కొరకే గాని నీరు మోయువారి కొరకు కట్టినట్లు లేదు.

కావున సిమెంటు కలుపుటకు ముందే మేస్త్రీ చేతికి నిజమైన బిందె నొకదాని నీయవలెను. ఒక ముసలమ్మను పిలిచి, నింపి యెత్తి చూపుమని అడుగవలెను. సగము స్థానములు స్త్రీలకు కేటాయింపబడిన పంచాయతీలో ఈ పరీక్షకు మనిషిని వెదుక బనిలేదు. ప్రకటనల పలకను గోడకు కొట్టునపుడును ఇట్లే పొట్టివానిని నిలబెట్టి చదివించుట మంచిది.

మేము తిరిగి ఆ గ్రామమునకు పోవునప్పటికి గోడ పగులగొట్టి నల్లాను పైకి జరిపియుండిరి. ప్రక్కన నాలుగు వరుసల ఇటుకలతో అరుగు లేచినది. ఒక యువతి బిందెను దానిపై దించి, చెంగు సవరించుకొని, ఒక్క ఊపున చంకకెత్తుకొని పోయెను.