అడ్వాన్సు కట్టాక పలకని బిల్డరు: కొనుగోలుదారుకు ఉన్న దారులు

ఫ్లాటు కొనేవారికి బిల్డరు ఆఫీసులో దొరికే మర్యాద చాలాచోట్ల రెండు రకాలు. అడ్వాన్సు కట్టేదాకా ఒకటి, కట్టాక ఇంకొకటి. సైటు చూపించడానికి కారు పంపి, రోజుకు రెండుసార్లు పలకరించిన సేల్స్ ఉద్యోగి చెక్కు చేతిలో పడ్డాక ఫోనెత్తడు. ఆఫీసుకు వెళ్లి అడిగితే "ఆయన మానేశారండీ, మీ ఫైలు ఇప్పుడు వేరేవాళ్లు చూస్తున్నారు" అంటారు. అమ్మకం విభాగానికి లక్ష్యాలు, కమీషన్లు బుకింగుల మీద ఉంటాయి. ఆ తర్వాతి వ్యవహారమంతా కస్టమర్ రిలేషన్స్ విభాగానిది. కార్నర్ పార్కింగు ఇస్తామనో, క్లబ్‌హౌస్ రుసుము తీసుకోమనో మొదటి మనిషి నోటిమాటగా చెప్పినవేవీ రెండో మనిషి ఫైలులో ఉండవు.

ఫోనెత్తకపోవడం చట్టం దృష్టిలో నేరం కాదు. కానీ ఆ మౌనం వెనక ఆలస్యమైన నిర్మాణమో, మారిన ప్లానో, లెక్కలో లేని అదనపు వసూలో ఉంటే దానికి చట్టంలో మందు ఉంది. ఫిర్యాదు నిలబడేది సిబ్బంది తీరు మీద కాదు, అలాంటి నిర్దిష్టమైన ఉల్లంఘన మీద.

బుకింగుకు ముందు

2016లో చేసిన రియల్ ఎస్టేట్ నియంత్రణ, అభివృద్ధి చట్టం 2017 మే 1 నుంచి పూర్తిగా అమలులో ఉంది. జనం నోట అది 'రెరా'. స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు ఎనిమిదికి మించినా ఆ ప్రాజెక్టును రాష్ట్ర రెరాలో నమోదు చేయించాకే ప్రకటన ఇవ్వాలి, అమ్మాలి. అమ్మిపెట్టే ఏజెంటుకూ నమోదు తప్పనిసరి. హైదరాబాద్ చుట్టుపక్కల 'ప్రీ లాంచ్ ఆఫర్' పేరుతో నమోదుకు ముందే డబ్బు కట్టించుకోవడం ఈ నిబంధనకు విరుద్ధం. చదరపు అడుగుకు తక్కువ ధర అని ఆశపడి కట్టినవారికి తర్వాత చేతిలో మిగిలేది ఒక రసీదే.

నమోదైన ప్రాజెక్టు అనుమతులు, ప్లాను, పూర్తిచేస్తామన్న తేదీ రెరా వెబ్‌సైటులో ఉంటాయి. పని ఎంతవరకు వచ్చిందో బిల్డరు మూడు నెలలకోసారి అక్కడ తెలపాలి. ఆఫీసులో జవాబు దొరకని ప్రశ్నలు చాలావాటికి సమాధానం అక్కడ దొరుకుతుంది.

విస్తీర్ణం లెక్కనూ అక్కడే సరిచూసుకోవచ్చు. బ్రోచరులో కనిపించే సూపర్ బిల్టప్ ఏరియాలో మెట్లు, లిఫ్టు, కారిడార్ల వాటా కలిసి ఉంటుంది. చట్టం గుర్తించే కొలత కార్పెట్ ఏరియా. అంటే బయటి గోడలను, బాల్కనీని మినహాయించి ఇంటి లోపల వాడుకోగల నేల.

పది శాతం గీత

రాతపూర్వక ఒప్పందం చేసుకుని దాన్ని రిజిస్టరు చేయించకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకునే హక్కు బిల్డరుకు లేదు. 70 లక్షల ఫ్లాటుకు ఆ హద్దు 7 లక్షలు. కొనుగోలుదారు మాటకు ఎక్కువ విలువ ఉండేది ఈ గీత దాటకముందే. పార్కింగు, క్లబ్‌హౌస్, కార్పస్ ఫండ్, పై అంతస్తు రుసుము, జీఎస్టీ అన్నీ విడివిడిగా రాసిన ధరల పట్టీని ఈ దశలోనే తీసుకోవాలి. నోటితో చెప్పిన హామీలన్నీ ఒప్పందంలోకి ఎక్కాలి. "అది ఎలాగూ ఇస్తాం, రాయడం ఎందుకు" అనే జవాబు వస్తే దాన్ని హామీగా లెక్కించకూడదు.

విదేశాల్లో ఉంటూ ఇక్కడి బంధువుల చేత వ్యవహారం నడిపించేవారికి ఈ జాగ్రత్త మరింత అవసరం. మాటలు బావమరిదితో, డబ్బు అమెరికా నుంచి అన్నట్టు సాగిన కొనుగోళ్లలో ఎవరికి ఏం చెప్పారన్నదే తేలదు.

నిర్మాణం నడుస్తుండగా

ఫోన్లో మాట్లాడిన ప్రతి ముఖ్యమైన విషయాన్నీ అదే రోజు మెయిల్లో రాసి పంపడం మంచి పద్ధతి. ఒక ఉత్తరంలో ఒకే విషయం, ఒక కోరిక, ఒక గడువు ఉండాలి. ఉదాహరణకు: "ఐదో అంతస్తు స్లాబు పూర్తయిందంటూ ఈ నెల 12న వాయిదా సొమ్ము అడిగారు. 14న సైటులో చూస్తే నాలుగో స్లాబు సెంట్రింగు పని జరుగుతోంది. ఐదో స్లాబు పూర్తయినట్టు ఇంజినీరు ధ్రువపత్రాన్ని 7 రోజుల్లో పంపగలరు." కోపం, నిష్ఠూరం లేని ఇలాంటి ఉత్తరమే రేపు విచారణలో సాక్ష్యమవుతుంది. మెయిలుకు జవాబు రాకపోతే అదే ఉత్తరాన్ని కంపెనీ రిజిస్టర్డ్ చిరునామాకు స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోవాలి.

జవాబు ఇవ్వడం లేదని వాయిదాలు ఆపేయడం చాలామంది చేసే పొరపాటు. ఒప్పందం ప్రకారం గడువులో కట్టకపోతే కొనుగోలుదారూ వడ్డీ ఇచ్చుకోవాలి, కేటాయింపు రద్దయ్యే ప్రమాదమూ ఉంటుంది. అభ్యంతరాన్ని రాతలో నమోదు చేస్తూ చెల్లించడం, లేదా రెరాకు వెళ్లడం క్షేమం.

అమ్మిన ఫ్లాటు ప్లానును కొన్నవారి అంగీకారం లేకుండా మార్చకూడదు. భవనం మొత్తానికో, ఉమ్మడి స్థలాలకో సంబంధించిన మార్పుకు కనీసం మూడింట రెండొంతుల మంది కొనుగోలుదారుల రాతపూర్వక సమ్మతి కావాలి. ఒకే ప్రాజెక్టులో కొన్నవారు ముందే ఒక గ్రూపుగా ఏర్పడితే ఇలాంటి సమయంలో అది బలం.

ఆలస్యం, లోపాలు

ఒప్పందంలోని తేదీకి ఇల్లు అప్పగించకపోతే రెండు దారులున్నాయి. వద్దనుకుంటే కట్టిన సొమ్మంతా వడ్డీతో వెనక్కి అడగవచ్చు. ఇది షరతుల్లేని హక్కని సుప్రీంకోర్టు 2021లో స్పష్టం చేసింది. ఇల్లే కావాలనుకుంటే ఆలస్యమైన ప్రతి నెలకూ వడ్డీ రాబట్టుకోవచ్చు. ఆ వడ్డీ స్టేట్ బ్యాంకు ఎంసీఎల్ఆర్‌కు, అంటే అప్పులకు ఆ బ్యాంకు నిర్ణయించే కనీస వడ్డీ రేటుకు, 2 శాతం కలిపి లెక్కకట్టినది. అది 10 శాతం అనుకుంటే, 40 లక్షలు కట్టినవారికి ఏడాది ఆలస్యానికి 4 లక్షలు వస్తాయి.

ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ చూశాకే తాళాలు తీసుకోవాలి. ఆ రోజున కుళాయిలు, స్విచ్చులు, తలుపులు, బాత్రూము వాలు, గోడల చెమ్మ ఒక్కొక్కటే పరీక్షించి, లోపాల పట్టీ మీద కంపెనీ మనిషి చేత సంతకం చేయించుకోవాలి. అప్పగించిన ఐదేళ్లలోపు నిర్మాణ లోపమో, పనితనంలో నాసిరకమో బయటపడి తెలియజేస్తే బిల్డరు 30 రోజుల్లో సొంత ఖర్చుతో సరిచేయాలి.

ఫిర్యాదు ఎక్కడ

తెలంగాణ రెరా, ఏపీ రెరా రెండూ ఆన్‌లైన్‌లో ఫిర్యాదులు తీసుకుంటాయి. డబ్బు వాపసు, వడ్డీ, ఇల్లు అప్పగింత వంటివి అథారిటీ చూస్తుంది. నష్టపరిహారాన్ని న్యాయనిర్ణయాధికారి తేలుస్తారు. కొనుగోలుదారుకు చెల్లించాల్సిన మొత్తాన్ని ముందు జమ చేస్తేనే బిల్డరు అప్పీలును ట్రిబ్యునల్ విచారణకు తీసుకుంటుంది. ఆదేశం వచ్చినా కట్టకపోతే ఆ బాకీని భూమి శిస్తు బకాయిలా వసూలు చేయవచ్చు. అయితే ఆదేశం రావడం ఒక ఎత్తు, డబ్బు చేతికి రావడం మరో ఎత్తు.

రెండో దారి వినియోగదారుల కమిషన్. చెల్లించిన మొత్తం 50 లక్షల దాకా అయితే జిల్లా కమిషన్, 2 కోట్ల దాకా రాష్ట్ర కమిషన్, ఆపైన జాతీయ కమిషన్ విచారిస్తాయి. సమస్య తలెత్తిన రెండేళ్లలో కేసు వేయాలి. రెరా ఉన్నంత మాత్రాన ఈ తలుపు మూసుకుపోదని సుప్రీంకోర్టు 2020లో తీర్పిచ్చింది. రెరా నమోదు అక్కర్లేని ఐదారు ఫ్లాట్ల చిన్న అపార్టుమెంటులో కొన్నవారికి ముఖ్యమైన ఆసరా ఇదే. కేసుకు ముందు సలహాకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915.

గృహరుణం ఇచ్చిన బ్యాంకు సతాయిస్తే దారి వేరు. ముందు బ్యాంకుకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో తేలకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. అప్పు తీరిన 30 రోజుల్లో ఇంటి దస్తావేజులు తిరిగి ఇవ్వాలని, తన వల్ల ఆలస్యమైతే బ్యాంకు రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలని 2023 డిసెంబరు 1 నుంచి నిబంధన అమల్లో ఉంది.