పారిస్ నగరంలో మూడు ప్రణయ చిత్రశాలలు

పారిస్ పోయినవారందరూ లూవ్ర్ చిత్రశాలకు పోవుదురు. గుంపులో నిలిచి, తలల మీదుగా మోనాలిసాను చూచి వత్తురు. అది తప్పు కాదు. కాని యానాం వంటి చోట్ల మన కుటుంబాలలో బిడ్డలు ఫ్రాన్సులో స్థిరపడినవారున్నారు. వారిని చూడబోవు తలిదండ్రులకు రెండు రోజులు తీరిక చిక్కినచో, జంటగా చూడదగిన చిన్న చిత్రశాలలు మూడు ఉన్నవి. మేము దంపతులము కలిసి చూచినాము.

మోంమార్త్ర్ గుట్ట దిగువన షప్తాల్ వీధిలో 16వ నంబరు ఇల్లు 'రొమాంటిక్ జీవిత మ్యూజియం'. రొమాంటిక్ అనగానే సినిమా ప్రేమ అనుకొనరాదు. నియమాల కంటె హృదయావేశమే గొప్పదన్న 19వ శతాబ్ది కళాకారుల ఉద్యమానికి ఆ పేరు. ఇంగ్లీషు కవుల మూలంగా ఆ గాలియే మన భావకవులకూ సోకినది.

చిత్రకారుడు ఆరీ షెఫేర్ 1830 నుండి 1858లో మరణించువరకు ఈ ఇంట ఉన్నాడు. శుక్రవారం సాయంత్రాలలో ఇక్కడ చేరిన వారిలో పియానో విద్వాంసుడు షోపాన్, మగపేరుతో నవలలు వ్రాసిన జార్జి సాండ్ అను స్త్రీ ఉన్నారు. 1838 మొదలు తొమ్మిదేండ్లు వారిద్దరూ కలిసియున్నారు. 1847లో సాండ్ కూతురు సొలాంజ్ శిల్పి క్లెసాంజెను పెండ్లాడినది. ఆ పెండ్లితో ఇంట కలహము రేగినది. షోపాన్ కూతురి పక్షము వహించెను. అంతటితో స్నేహము తెగినది. రెండేండ్లకే, 1849లో, ఆయన చనిపోయెను.

ఇప్పుడు ఆ మ్యూజియంలో సాండ్ నగలతోపాటు ఆమె కుడిచేయి, షోపాన్ ఎడమచేయి ప్లాస్టరు అచ్చులున్నవి. రెండూ తీసినది ఆ అల్లుడే! మా శ్రీమతి వాని ముందు చాలాసేపు కదలలేదు.

వీరిద్దరినీ ఒకే పటములో చిత్రించబోయిన మిత్రుడు దెలక్రువా. 1838లో మొదలుపెట్టి పూర్తిచేయలేదు. తరువాతి కాలమున ఎవరో దానిని రెండుగా కోసినారు. షోపాన్ ముక్క లూవ్ర్‌లో ఉన్నది. సాండ్ ముక్క డెన్మార్కు దేశము చేరినది. దెలక్రువా ఇల్లు సేన్ నది ఎడమగట్టున ఉన్నది. దగ్గరనున్న సెంట్ సుల్పీస్ చర్చిలో గోడచిత్రాలు వేయుటకై 1857 చివరను అక్కడికి మారి, 1863లో అక్కడే కన్నుమూసెను. పెరటిలో చిన్న తోట. గంటసేపు చాలును.

మూడవది వరెన్ వీధిలోని రోదాన్ మ్యూజియం. ఇక్కడ జనమంతా 'ముద్దు' అను పాలరాతి శిల్పము చుట్టే మూగుదురు. దాంతే కావ్యములో భర్త చేత చిక్కి హతులైన ఫ్రాంచెస్కా, ఆమె మరిది పాఓలోలు వీరు. మన పెద్దలకు కొంచెము బిడియము కలుగవచ్చును. పిల్లలు వెంట ఉన్నచో తోటలోని 'ఆలోచనాపరుడు' చూపుట మేలు.

రోదాన్ స్వంత కథ ఆ పాలరాతిలో లేదు. 1864 నుండి రోజ్ బొరే అను ఆమె ఆయనతో కాపురము చేసినది. నడుమ కమీల్ క్లోదెల్ శిష్యురాలై, ప్రియురాలై, ఆయన శిల్పశాలలో పనిచేసినది. ఆయన రోజ్‌ను విడువలేదు, కమీల్‌ను పెండ్లాడలేదు. 1913లో ఇంటివారు కమీల్‌ను పిచ్చాసుపత్రిలో చేర్చినారు. ఇంటికి పంపవచ్చునని వైద్యులు చెప్పినా తల్లి ఒప్పుకొనలేదు. ముప్పది ఏండ్లు అట్టి ఆసుపత్రులలోనే ఉండి 1943లో చనిపోయినది. రోజ్‌కు మంగళ్యము 1917 జనవరిలో దక్కినది. ఫిబ్రవరిలో ఆమె, నవంబరులో రోదాన్ పోయినారు. దస్త్రములో తేదీలు చూచుట అలవాటైన మాకు ఆ మూడు నెలల పేర్లు ఇప్పటికీ మరపునకు రావు.

కమీల్ శిల్పాలను ఆమె తమ్ముడు, కవియైన పోల్ క్లోదెల్, 1952లో ఈ మ్యూజియంకే ఇచ్చెను. ఈ మ్యూజియంలో ఆమె చేసిన 'వాల్ట్స్' అను కంచు జంట ఉన్నది. నాట్యమాడుచు పడిపోవునంతగా ఒరిగిన ఆ జంట మాకు 'ముద్దు' కంటె గొప్పగా తోచినది.

షెఫేర్ ఇల్లు, రోదాన్ మ్యూజియం సోమవారాలు మూసియుండును. మరమ్మతులకై మూయుట కద్దు గనుక బిడ్డలచేత ముందుగా విచారింపజేయవలెను. రోదాన్ మ్యూజియంలో మాత్రము మొదట కమీల్ శిల్పాలు చూచి, ఆ పిమ్మట 'ముద్దు' వద్దకు పోవునది.