రోటవేటరును పైకెత్తునపుడు పీటీఓ షాఫ్టు చెడుట: కారణములు, నివారణోపాయములు

దమ్ము చేయుటకును మెట్టను గుల్లపఱచుటకును రోటవేటరు నేడు మన గ్రామములలో సామాన్యమైన పనిముట్టయినది. సంఘము తరఫున నొక యంత్రమును గొని సభ్యులకు అద్దెకిచ్చుటయు గలదు. అట్టి యంత్రము నేడొక ట్రాక్టరునకును, ఱేపు మఱియొకదానికిని తగిలింపబడును. అందుచే ట్రాక్టరు బలమును రోటవేటరునకు గొనిపోవు పీటీఓ షాఫ్టు వంగుటయు, క్రాసులు విఱుగుటయు, గేరుబాక్సు బేరింగులు పాడగుటయు మేము తఱచుగ జూచుచున్నాము. నాట్ల అదనులో యంత్రము చేనిలో నిలిచిపోయినచో ఒక సభ్యుని పనియే గాక, వరుసలో వేచియున్న వారందఱి పనియు చెడును. అప్పుడు షాఫ్టు నాసిరకమని నిందింతురు. పెక్కు తావుల దోషము షాఫ్టునందు లేదు. దాని నిడివియు వంపును ఆ ట్రాక్టరునకు సరిచూడకుండుటయందే యున్నది.

ఈ షాఫ్టు ఒక గొట్టములో మఱియొక గొట్టము జొచ్చునట్లు రెండు ముక్కలుగ నుండును. రోటవేటరు లేచి దిగునపుడు దాని పొడవు మాఱుచుండును. సాధారణముగ షాఫ్టు మట్టముగ నున్నపుడు పొడవు మిక్కిలి తక్కువ. బాగుగ నెత్తినపుడును, బాగుగ దింపినపుడును ఎక్కువ. షాఫ్టు ఉండవలసినదానికంటె పొడవైనచో, మట్టమునకు వచ్చువేళ లోగొట్టము అడుగు తాకి, గడ్డపాఱతో బొడిచినట్లు ఇరువైపుల గేరుబాక్సులను ద్రోయును. పొట్టిదైనచో, ఎత్తినపుడు గొట్టములకు పట్టు చాలక వంగును, లేదా విడిపోవును.

కావున క్రొత్త ట్రాక్టరునకు తగిలించునపుడెల్ల కొలిచి చూడవలెను. రోటవేటరును కావలసిన యెత్తునకు దెచ్చి, క్రింద గట్టి దిమ్మలు పెట్టి, ఇంజను ఆపి, తాళపుచెవి తీసివేయవలెను. షాఫ్టు ముక్కలను విడదీసి, ఒకదానిని ట్రాక్టరునకును, రెండవదానిని రోటవేటరునకును తగిలించి, ప్రక్కప్రక్కన బట్టి చూడవలెను. దూరము మిక్కిలి తగ్గిన యెత్తులో లోగొట్టము కొనకు ఒక అంగుళమైనను ఖాళీ యుండవలెను. దూరము మిక్కిలి హెచ్చినపుడు గొట్టములు ఒకదానిలో నొకటి 6 అంగుళములకు తక్కువ గాకుండ జొచ్చియుండవలెను. యంత్రముతో వచ్చిన పుస్తకములో వేఱు కొలత యున్నచో దానినే పాటింపవలెను.

కోయవలసివచ్చినచో రెండు గొట్టములను, వాని రెండు తొడుగులను సమానముగ గోసి, ఆకురాతితో అంచులను నున్నజేసి, గ్రీజు పూయవలెను. మరల గూర్చునపుడు నడిమి గొట్టముల కొనలనుండు రెండు యోకులు ఒకే వరుసలో నుండునట్లు చూడవలెను.

ఇక వంపు సంగతి. పీటీఓ నిమిషమునకు 540 చుట్లు తిరుగునని యెల్లరెఱుగుదురు. కాని క్రాసు జాయింటు వంగి తిరుగునపుడు దాని యావలి షాఫ్టు సమవేగమున తిరుగదు. వంపు 10 డిగ్రీలైనచో వేగము 532 మొదలు 548 వఱకు మాత్రమే ఊగును. 30 డిగ్రీలైనచో 468 మొదలు 624 వఱకు ఊగును; అదియు ఒక్కొక్క చుట్టునకు రెండేసి మాఱులు. ఆ కుదుపే క్రాసులను దినివేయును. రెండు జాయింటుల వంపులు సమానమై, యోకులు వరుసలో నున్నచో, మొదటిదాని యూగును రెండవది సరిదిద్దును. అందుచే పని చేయు లోతులో రోటవేటరు ఇరుసు ట్రాక్టరు పీటీఓ ఇరుసునకు సమాంతరముగ నుండునట్లు టాప్ లింకును సవరింపవలెను. గట్టు కడ మలుపునందు మొదట పీటీఓను విడిపించి, పిదప యంత్రము నెత్తవలెను. పండ్లు నేలను వీడుటకు చాలినంత యెత్తే చాలును. అంతకు మించి లేవకుండ లిఫ్టు పిడికి ఆపు బిగించుకొనుట మేలు.

షాఫ్టునకు ట్రాక్టరు వెనుకనున్న డ్రాబారో, అడ్డపు పట్టీయో తగులుటయు గలదు. రోటవేటరు కట్టునపుడు వానిని దీసివేయవలెను. ప్రక్కలకు ఊగకుండ క్రింది లింకుల గొలుసులను బిగింపవలెను. పిదప ఇంజను నడుపకుండ షాఫ్టును చేతితో ఒక చుట్టు త్రిప్పి, ఎచ్చటను తగులుట లేదని రూఢిచేసికొనవలెను.

తొడుగు లేని షాఫ్టు మిక్కిలి అపాయకరము. 540 చుట్లనగా క్షణమునకు 9 చుట్లు. గొట్టము చుట్టుకొలత 19 సెంటీమీటర్లయినను, ఒక్క సెకనులో దాదాపు నాలుగు మూరల గుడ్డను అది చుట్టుకొనును. పంచె కొనయో, కండువాయో, చీర చెఱగో చిక్కినచో, విడిపించుకొను వ్యవధి యుండదు. తొడుగు పగిలినచో వెంటనే మార్చవలెను. అది తిరుగకుండ పట్టు చిన్న గొలుసును వేయుట మఱువరాదు. తిరుగుచున్న షాఫ్టును ఎవ్వరును దాటరాదు, తాకరాదు.

సంఘములకు మా సలహా యేమన, ఒక సభ్యుని ట్రాక్టరు కొఱకు ఉమ్మడి షాఫ్టును కోయనీయకుడు. కోసినది మరల పెరుగదు. నిడివి వేఱైన షాఫ్టు మఱియొకటి కొని యుంచుడు. ఏ ట్రాక్టరునకు ఏది సరిపోవునో, లిఫ్టు ఎంతవఱకు ఎత్తవచ్చునో అద్దె పుస్తకములో ఆ సభ్యుని పేరున వ్రాసియుంచుడు. ఈ జాగ్రత్తకు పట్టు కాలము ఒక పూటకు మించదు. విఱిగిన గేరుబాక్సు బాగగువఱకు నారు ముదరక ఆగదు.