నీరటి లేని కాలువ

"అన్నా, బొమ్మ మంచిగనే వస్తున్నది. నాలుగు నిమిషాలైతే ఆగుతున్నది. ఛానల్ మార్చి మళ్ళ పెడితే వస్తున్నది. మళ్ళ గంతే."

ఎల్లారెడ్డి నుంచి మా పిల్లగాడి ఫోను. నేనుండేది కామారెడ్డిలో. ఇంటర్నెట్ తీగలోనే టీవీ ఛానళ్ళు పంపే పని మాది. గడియారం పెట్టి చూడమన్నాను. 4 నిమిషాల 20 సెకన్లు. ఆ లెక్క వినగానే జబ్బేమిటో తెలిసిపోయింది.

ఒక ఛానల్‌కు 4 మెగాబిట్ల వేగం కావాలనుకోండి. మ్యాచ్ రోజు 300 ఇళ్ళకు ఇంటికో కాపీ పంపితే 1200 అవుతుంది. మా తీగ మోసేది 1000. మల్టీకాస్ట్‌లో ఇంటింటికీ కాపీ ఉండదు, ఛానల్‌కు ఒక్కటే ధార. ఎల్లారెడ్డి వైపు పొలాలకు పోచారం కాలువ వచ్చినట్టే: కాలువ ఒక్కటి, తూము ఎత్తిన చోటే నీళ్ళు మళ్ళుతాయి. ఈ పద్ధతికి 1989లో స్టీవ్ డీరింగ్ రాసిన ఆర్‌ఎఫ్‌సీ 1112 అనే ప్రమాణ పత్రం పునాది.

ఇందులో ఒక చిక్కు వీలాన్‌ల దగ్గర. తీగలన్నీ కలిసే ఒకే నెట్‌వర్క్ స్విచ్‌లో గోడలు కట్టినట్టు చేస్తాయవి. ఒక గల్లీ డేటా ఇంకో గల్లీకి కనబడొద్దని 101, 102, 103 అని గల్లీకొకటి పెట్టాం. టీవీకి 50. మరి 50లోని ధార 101లోకి పోయేదెట్లా? రౌటర్‌తో దాటిస్తే వీలాన్‌కో కాపీ పుడుతుంది. అందుకే ఎంవీఆర్ అనే పద్ధతి వాడతాం. కామారెడ్డి వైపు పోర్టును సోర్స్ అని, ఇళ్ళవైపు పోర్టులను రిసీవర్ అని స్విచ్‌కు చెబుతాం. గోడ గోడలాగే ఉంటుంది, టీవీకి మాత్రం తూము పెట్టినట్టు. ఇంట్లో ఛానల్ పెట్టగానే బాక్సు "నాకీ ధార కావాలి" అని ఐజీఎంపీ కబురు పంపుతుంది. స్విచ్ ఆ తూము ఎత్తుతుంది.

ఎత్తింది ఎప్పుడు దించాలి? జనం చెప్పి టీవీ బంద్ చెయ్యరు, స్విచ్చు తీసేస్తారు. చెరువు కింద నీరటి పొలాల వెంట తిరిగి కనుక్కున్నట్టు, నెట్‌వర్క్‌లో ఒకరు 125 సెకన్లకోసారి "ఇంకా కావాలా" అని అడుగుతుండాలి. దాన్ని క్వెరియర్ అంటారు. రెండు విడతలు జవాబు రాకపోతే, ఇంకో 10 సెకన్లు చూసి స్విచ్ తూము దించేస్తుంది. రెండు నూట ఇరవై అయిదులు 250, పైన 10. అవే ఆ 4 నిమిషాల 20 సెకన్లు.

ముందురోజే కామారెడ్డిలో రౌటర్ మార్చాం. పాతది నీరటి పని కూడా చేసేది. కొత్తదాంట్లో మల్టీకాస్ట్ ఆన్ చెయ్యడం మరిచాను. అడిగే దిక్కు లేక, కూర్చుని చూస్తున్నవాళ్ళ తూములే మూసుకుపోయాయి.

ఇట్లాంటప్పుడు కొందరు ఇళ్ళన్నీ ఒకే వీలాన్‌లో కలిపి, ఆ కబుర్లు వినే స్నూపింగ్‌నే ఆపేస్తారు. బొమ్మ వెంటనే వస్తుంది. కానీ 100 ఛానళ్ళు, అంటే 400 మెగాబిట్లు, ప్రతి ఇంటిమీదా వరదలా పడతాయి. ఆ ఇంటి తీగ మోసేది 100 అయితే పిల్లల ఆన్‌లైన్ క్లాసు అందులో మునిగిపోతుంది. నా చేతులతో ఆ పని చెయ్యను.

50లో క్వెరియర్ పెట్టి, దానికో ఐపీ ఇచ్చాను. "ఫోను పెట్టకురా" అన్నాను. 4 నిమిషాలు దాటింది. ఇద్దరం మాట్లాడలేదు.

"అన్నా, అయిదు నిమిషాలైంది. నడుస్తున్నది."

"ఇంకో అయిదు చూడు."