పెరట్లో తేనె పెట్టె: లాస్ ఏంజెలెస్ రూల్సు ఏమంటున్నాయి?

కాలిఫోర్నియాలో సొంతిల్లు కొనుక్కుని కరివేపాకు, మునగ పెంచుతున్న మనవాళ్లలో కొందరికి ఇప్పుడు తేనె పెట్టె మీద మనసవుతోంది. ఆ సరదాతో పాటే అపోహలూ వస్తాయి.

అపోహ: ఊళ్లో తేనెటీగలు పెంచడం నేరం.

ఒకప్పుడు నిజమే. ఈగలు పండ్లను పాడుచేస్తాయన్న భయంతో లాస్ ఏంజెలెస్ 1879లో నిషేధం పెట్టింది. పూతను కాయగా నిలబెట్టే ప్రాణి మీద ఎంత నింద! ఆ నిషేధం తొలగేసరికి 2015 వచ్చింది. ఇప్పటికీ అనుమతి ఒకే కుటుంబం ఉండే విడి ఇళ్ల జోన్లకే. అపార్ట్‌మెంట్ బాల్కనీలో కుదరదు.

అపోహ: మన స్థలం, మన ఇష్టం.

2,500 చదరపు అడుగులకు, అంటే దాదాపు 278 గజాలకు, ఒక్క పెట్టె. ఇంటి ముందు పెట్టకూడదు. పక్కవాళ్ల హద్దుకు 5 అడుగులు, వీధికి 20 అడుగులు ఎడం ఉండాలి.

అపోహ: పెట్టెకూ పక్కవాళ్ల స్థలానికీ మధ్య రూల్సు అడిగే ఆరడుగుల గోడ ఈగల్ని ఆపడానికి.

ఈగను ఏ గోడా ఆపదు. పెట్టె పక్కన కాసేపు నిలబడి చూడండి: గుమ్మం దాటిన ఈగ ముందు ఖాళీగా ఉంటే మనిషి ఎత్తులోనే దూసుకుపోతుంది. ఎదురుగా గోడో, గుబురు కంచెమొక్కలో ఉంటే ఏటవాలుగా పైకి లేచి, పక్కింటివాళ్ల తలల మీదుగా వెళ్లిపోతుంది. పెట్టెనే 8 అడుగుల ఎత్తున పెడితే గోడ అక్కర్లేకపోవడం ఇందుకే. పెట్టె దగ్గర నీళ్లు ఉంచాలన్న షరతూ అలాంటిదే. ఒకసారి పక్కింటి స్విమ్మింగ్ పూల్ రుచి మరిగితే ఈగల్ని మళ్లించడం కష్టం. తగాదాలు ఎక్కువగా కుట్టడంతో కాదు, ఈ నీళ్లతోనే మొదలవుతాయని నా అభిప్రాయం.

అపోహ: తేనె అమ్మేవాళ్లకే రిజిస్ట్రేషన్.

ఒక్క పెట్టె ఉన్నా కౌంటీ అగ్రికల్చరల్ కమిషనర్ దగ్గర ఏటా నమోదు చేయించాలి. దీనివల్ల లాభం మనకే. దగ్గర్లో పూత మీద ఈగలకు హాని చేసే మందు కొట్టబోతుంటే, కోరినవారికి ముందుగా కబురు అందుతుంది.

అపోహ: సిటీ ఒప్పుకుంటే చాలు.

చాలదు. ఇల్లు కొన్నప్పుడు సంతకం పెట్టిన హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) నిబంధనలు సిటీ అనుమతించినదాన్నీ కాదనగలవు. ఈగలకు ఆర్డర్ పెట్టకముందే ఆ కాగితాలు తీసి చదవండి.