చేతి కంప్యూటరులో పాల లెక్క - నిల్వ, సింక్ గురించి సభ్యులు తెలుసుకోవలసినవి

పాలు పోసే చోట పొడుగాటి రిజిష్టరు ఉండే రోజులు పోయి, చాలా సంఘాలలో చేతి కంప్యూటరు వచ్చింది. కొన్నిచోట్ల అది ప్రత్యేకమైన మిషను, మరికొన్నిచోట్ల కార్యదర్శి గారి సెల్ ఫోనే. సభ్యుని నెంబరు, లీటర్లు, వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్. అందులో ఎక్కుతాయి, చీటీ బయటికి వస్తుంది. మేము తనిఖీకి వెళ్ళినచోట సభ్యులు అడిగే మాట ఒకటుంది: "చీటీ వచ్చింది గదండీ, బిల్లులో ఆ పూట పాలు ఎందుకు లేవు?" మిషనులో లెక్క ఎక్కడ నిలుస్తుందో, అక్కడి నుండి డెయిరీకి ఎలా చేరుతుందో తెలిస్తే గాని దీనికి జవాబు దొరకదు.

మిషనులో రెండు రకాల మెమరీ ఉంటుంది. ఒకటి పలక వంటిది. కరెంటు ఉన్నంతసేపే దానిమీద రాత నిలుస్తుంది. రెండవది పుస్తకం వంటిది. మిషను ఆరిపోయినా రాత చెరగదు. 1996లో అమెరికాలో వచ్చిన పామ్ వారి పైలట్ అనే చేతి కంప్యూటరులో యజమాని వ్రాసుకున్నదంతా పలక మీదనే ఉండేది. రెండు చిన్న బ్యాటరీ సెల్లులు దానిని నిలిపేవి. అవి పూర్తిగా అయిపోతే రాసినదంతా పోయినట్లే. అందుకే దానితోపాటు ఒక పీట ఇచ్చేవారు. మిషనును పీటమీద ఉంచి బొత్తాం నొక్కితే బల్లమీది కంప్యూటరులోనికి లెక్క ఎక్కేది. 2004లో అదే పామ్ వారి టంగ్‌స్టన్ టి5 వచ్చేసరికి లోపలి నిల్వ ఫ్లాష్ మెమరీకి, అంటే పుస్తకానికి మారింది. ఇప్పటి ఫోనులలో ఉన్నదీ ఫ్లాష్ నిల్వే. కనుక ఛార్జింగు అయిపోతే పాల లెక్క పోతుందన్న భయం అక్కరలేదు. సేవ్ కాకముందే ఆరిపోతే మాత్రం ఆ ఒక్క నమోదు పోతుంది.

అయితే పుస్తకమైనా అది ఒక్కటే పుస్తకం. పాల తొట్టిలో పడవచ్చు, దొంగలు ఎత్తుకుపోవచ్చు, రిపేరుకు ఇస్తే మెకానిక్ మొత్తం తుడిచి కొత్తదిగా ఇవ్వవచ్చు. రెండవ ప్రతి డెయిరీ కంప్యూటరులో ఉండాలి. ఈ రెండు పుస్తకాలను సరిచూసి సమానం చేయడమే సింక్.

ఇది మన చిట్టా, ఆవర్జాల పద్ధతే. పూట నమోదు చిట్టాలో పడుతుంది. కొత్త నమోదు ప్రతిదానికీ మిషను ఒక గుర్తు పెట్టుకుంటుంది. సిగ్నలు అందగానే గుర్తున్నవాటినే పంపుతుంది. అటునుండి "అందినది" అని జవాబు వచ్చాక గుర్తు తీసివేస్తుంది. జవాబు రాకుండా సిగ్నలు పోతే గుర్తు అలాగే ఉండి, మరలా పంపుతుంది. చీటీ వచ్చినంత మాత్రాన లెక్క డెయిరీకి చేరినట్లు కాదు. చీటీ అచ్చయ్యేది చిట్టా నుండి; బిల్లు తయారయ్యేది ఆవర్జా నుండి.

పంపవలసినవి ఇన్ని ఉన్నాయి అని మిషను తెరమీద చూపుతుంది. పూట ముగిసి తాళం వేసే ముందు అది సున్నా అయినదా అని కార్యదర్శి చూడాలి. సిగ్నలు అందని ఊరిలో మిషనును రోడ్డు దాకా తీసుకుపోవలసి వస్తే తీసుకుపోవలసినదే.

సింక్ తప్పును కూడా మోసుకుపోతుంది. ఇక్కడ ఒక నమోదు పొరపాటున కొట్టివేస్తే అక్కడా కొట్టివేయబడుతుంది. ఒకే నమోదును సంఘంలో కార్యదర్శి, డెయిరీలో గుమాస్తా వేర్వేరుగా దిద్దితే చిక్కే. పాత పామ్ మిషన్లు అటువంటప్పుడు రెండు నమోదులనూ ఉంచేవి, మనిషి చూసి ఒకటి తీసివేసుకోవాలి. కొన్ని సాఫ్ట్‌వేర్లు చివర దిద్దినదే ఉంచి మొదటిది చెప్పకుండా తీసివేస్తాయి. అందువల్ల దిద్దుబాటు ఒక్కచోటనే జరగాలన్నది మా అభిప్రాయం. మిషనులో ఉన్నదాని మీద అవతలి లెక్కను ఎక్కించే బొత్తాం కూడా ఉండవచ్చు. పంపవలసినవి మిగిలి ఉండగా దానిని నొక్కితే ఆ పూట పాలు లెక్కలో లేనట్లే. ఫోనులో జాగా చాలడం లేదని యాప్ డేటాను తుడిచివేసినా అంతే. జాగా కావాలంటే ముందు సినిమాలు తీసివేయండి!

తేదీ, గడియారం సరిగా లేకపోతే ఉదయం పాలు సాయంత్రం పూటలోనో, వెనుకటి బిల్లులోనో పడతాయి. సభ్యులు చీటీమీద తేదీ, పూట చూసుకుంటే ఇది అక్కడే పట్టుబడుతుంది.

ఒక పూట లెక్క పోతే ఏమవుతుంది? 80 మంది తలా 6 లీటర్లు పోసిన సంఘంలో లీటరు 40 రూపాయలు అనుకుంటే అది 19,200 రూపాయల మాట. పాలు క్యాన్లలో డెయిరీకి చేరాయి గనుక డబ్బు సంఘానికి వస్తుంది. కాని ఎవరికి ఎంత అన్నది తెలియదు. అప్పుడు సరాసరి వేసి పంచుతారు. 8 శాతం వెన్న ఉన్న పాలు పోసినవారికీ, 5.5 శాతం పోసినవారికీ ఒకే ధర పడుతుంది. గేదెకు పత్తిచెక్క పెట్టి మేపిన సభ్యురాలు నష్టపోతుంది, సంఘంలో తగాదా మొదలవుతుంది.

2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టం ఎలక్ట్రానిక్ రికార్డుకు గుర్తింపు ఇచ్చింది. కాని చూపడానికి రికార్డు ఎక్కడో ఒకచోట ఉండాలి. మీ చేతిలోని చీటీ చాలా సంఘాలలో వేడికి అచ్చయ్యే కాగితం. ఎండ, నూనె తగిలితే కొద్ది వారాలలోనే తెల్లబడుతుంది. దానిలోని అంకెలను అదే రోజు పాస్ పుస్తకంలో ఎక్కించుకోండి. చదువు రానివారు పిల్లలచేత వ్రాయించుకోవచ్చు.

పాలకవర్గం వారు బిల్లు ముగిసిన ప్రతిసారీ మిషనులోని లెక్కను పెన్ డ్రైవులోనికి తీయించి బీరువాలో ఉంచాలి. మిషను రిపేరుకు పోయే ముందు సింక్ చేసి, ఆ బిల్లు కాలం లెక్కంతా కాగితంమీద అచ్చు తీసి, మెకానిక్ వద్ద రసీదు తీసుకోవాలి. కార్యదర్శి మారినప్పుడు తాళాలు, నగదుతోపాటు మిషను, దాని పాస్‌వర్డు, పంపవలసినవి సున్నా అన్న అచ్చు కాగితం కూడా అప్పగింత పత్రంలో చేర్చి సంతకాలు చేయించాలి.