మగ్గము కడ పుట్టిన మాట

ఆంగ్లభాషలో ‘వీవ్’ అనగా నేయుట. దానికి ‘ఇన్’ అను చిన్నమాట తోడైనచో, నేయుచున్న దానిలో మఱియొక పోగును కలిపి నేయుట యను నర్థము వచ్చును. దీనిని గ్రహించుటకు నిఘంటువుకంటె ముందు మగ్గమును చూచుట మేలు.

కాకినాడ జిల్లాలోని ఉప్పాడలో జాందానీ చీరలు నేయుదురు. మగ్గముపై నిలువుగా సాగియుండు నూలు పడుగు. నాడెతో అడ్డముగా పోవు నూలు పేక. ఈ రెండింటితోనే బట్ట యేర్పడును. పువ్వు కావలసిన చోట నేతగాడు వేఱొక రంగుపోగును గాని జరీపోగును గాని చేతితో పడుగు నడుమ దూర్చి, మరల పేకను నడపి బిగించును. ఆ పోగు లేకున్నను బట్ట బట్టయే. కాని యది అద్దకపు పువ్వువలె పైపైన నిలుచునది కాదు. కుట్టుపువ్వువలె తరువాత వచ్చినదియు కాదు. బట్టతోపాటు పుట్టినది. ‘వీవ్ ఇన్’ అను మాటకు వాచ్యార్థ మిదియే. ఊలు అల్లువారు పని ముగిసిన పిదప మిగిలిన పోగుకొసలను సూదితో అల్లికలోనికి దూర్చి దాచుటను గూడ ఈ మాటతోనే చెప్పుదురు.

ఇక లక్ష్యార్థము. ఒక రచయిత తాతగారి బాల్యమును కథగా చెప్పుచు, అందు ఊరిచెఱువు చరిత్రమును ‘వీవ్ ఇన్’ చేసెననుకొనుడు. కథ నడచుచుండగనే చరిత్రము తెలియవలెను. కథ నాపి రెండుపుటలు చెఱువును వర్ణించినచో అది అతుకే యగును. దీనిని ‘చరిత్రమును కథలో నేసెను’ అని తెనిగించుట నాకు రుచింపదు. తెలుగువాడు బట్టను నేయును, కథను అల్లును. కావున ‘కథలో కలిపి అల్లెను’ అనుట సొంపు. ‘చొప్పించెను’ అన్నచో బలవంతముగా దూర్చిన ధ్వని వచ్చును; ఆంగ్లపుమాట ఉద్దేశించినది సరిగా దానికి వ్యతిరేకము. నేతకును రచనకును చుట్టఱికము పడమటి భాషలలో మిక్కిలి పాతది: బట్టను తెలుపు ‘టెక్స్‌టైల్’, గ్రంథపాఠమును తెలుపు ‘టెక్స్ట్’ అను రెండు మాటలును, నేయుట యను నర్థముగల ‘టెక్సెరె’ అను లాటిను క్రియనుండి పుట్టినవే.

ఇచట నొక చిక్కు గలదు. సైకిలువాడు బండ్లనడుమ వంకరలు తిరుగుచు పోవుటను ‘వీవ్ ఇన్ అండ్ అవుట్’ అందురు. నాడె పోకను తలచి ఇదియు నేతమాటయే యనుకొందుము. కాని నిఘంటుకారులు దీనిని వేఱుమాటగా నెంచి, ఊపుట యను నర్థముగల ప్రాచీన నార్సు క్రియతో దీనికి సంబంధము చెప్పుదురు. భూతకాలరూపములును సాధారణముగా వేఱు: చీర నేసినవాడు ‘వోవ్’, బండ్లనడుమ దూరిపోయినవాడు ‘వీవ్డ్’.